సుబ్బలక్ష్మమ్మ ఆఫీసు

“ఆ గడియ జోలికి పోవద్దని చెప్తాండా! ఈ ఇంట్లో నా మాటకు విలువే లేదా?”

భుజంగరావు మంచం మీది నుంచే అరిచాడు. లేచి రావడానికి వీల్లేదు, కుడి చీలమండకు కట్టు ఉంది. నోటికి కట్టు లేదు కాబట్టి ఆ లోటు అరుపులతో తీర్చుకుంటున్నాడు.

నడవా చివర చిన్నగది తలుపు దగ్గర వాచ్‌మన్ కొండయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి మాట వినాలో కూతురి మాట వినాలో తేలక గీతాంజలి ముఖంలోకి చూశాడు.

“నువ్వు తియ్యి కొండయ్యా. నాయనకు నేను చెప్పుకుంటాలే.”

మరలు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. లోపలి గడియ గీతాంజలి చేతికొచ్చింది. అది ఉన్నచోట తలుపు మీద తెల్లటి చార మిగిలింది. కొండయ్య మెల్లగా జారుకున్నాడు.

ఇంత రభస జరుగుతున్నా ఆ గది సొంతదారు వంటింట్లో నిలబడి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది. అసలు కోపం రావలసిన మనిషి ఆమె. ఆమెకు రాకపోవడమే భుజంగరావుకు మంటగా ఉంది.

“సుబ్బలక్ష్మీ! నీ ఆఫీసు తలుపు ఊడబీకుతాండారు. వచ్చి ఏందని ఒక మాట అడగవేమే?”

“తియ్యనీండి. ఆఫీసు మానేసినాక గడియతో నాకేం పని?”

సుబ్బలక్ష్మమ్మ గొంతులో కోపమూ లేదు, ఏడుపూ లేదు. కూరలోకి కరివేపాకు లేదని చెప్పినట్టు చెప్పింది.

 భుజంగరావు కూతురి మీదికి తిరిగాడు. “చూసినావా? ఇదీ నువ్వు చేసిన ఘనకార్యం.”

“నేనేం చేస్తిని నాయనా?” గీతాంజలి గడియను పట్టుకునే మంచం దగ్గరికి వచ్చింది. “నేనా నిన్ను బాత్రూంలో పడేసింది? కళ్ళు తిరిగి పడితివి. గంటకు పైగా ఆ తడి నేలమీద కూర్చోనుండావు. గోడకు అవతలే అమ్మ ఉండాది. ఒక్క కేక వేస్తే సరిపోతుండె. వేసినావా?”

“ఆమె ఆఫీసులో ఉండె కదమ్మా.”

“ఏ ఆఫీసు నాయనా! అది మన ఫ్లాటులో మూడో బెడ్రూము!”

“నీకు బెడ్రూము. మాకు ఆఫీసే.”

గీతాంజలి నుదురు కొట్టుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దాల మేడలో, పాతికమంది ఇంజనీర్లను ఆడించే మనిషి. కన్నతండ్రి దగ్గర మాత్రం ఆమె లాజిక్కు ఒక్కటీ పనిచేయదు. భర్త లలిత్ ఉంటే నవ్వించి సర్దేవాడు. అతను కంపెనీ పనిమీద పుణె వెళ్ళాడు.

ఆ ఆఫీసు అనే మాటను పుట్టించింది భుజంగరావే.

అప్పుడు వాళ్ళు బళేపేటలో ఉండేవాళ్ళు. గాజుల అంగళ్ళ మీది వఠారంలో రెండు గదుల వాటా. భుజంగరావు వీధి చివర హార్డ్‌వేర్ అంగడిలో లెక్కలు రాసేవాడు. సుబ్బలక్ష్మమ్మకు అప్పుడప్పుడే వారపత్రికల్లో పేరు కనబడుతోంది. పెన్ను పట్టుకుని కూర్చోవడం ఆలస్యం, ఎవరో ఒకరు గడపలో ప్రత్యక్షం. ఒకరికి తోడుకు పెరుగు కావాలి. ఒకరికి బిడ్డను కాసేపు చూసే మనిషి కావాలి. ఇంకొకరికి ఏమీ అక్కర్లేదు, మాట్లాడ్డానికి రెండు చెవులు చాలు. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. రాస్తున్నానంటే “రాసుకో తల్లీ, నీకేం అడ్డమొస్తిమి” అని పక్కనే చతికిలబడేవాళ్ళు.

ఒకరోజు ఆమె కన్నీళ్ళు పెట్టుకోవడం చూసి భుజంగరావు అన్నాడు: “రేపటినుంచి నువ్వు ఆఫీసుకు పోతాండావు.”

మర్నాడు ఆమె వంట ముగించి, గంజిపెట్టిన నూలుచీర కట్టి, చేతిసంచి భుజానికి తగిలించుకుని, వఠారమంతా వినబడేలా “పోయొస్తా” అని చెప్పి లోపలిగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బయట భుజంగరావు తను అంగడికి కదిలేదాకా వచ్చినవాళ్ళకల్లా “మా యింటామె ఆఫీసుకు పోయింది, ఒంటిగంటకు వస్తుంది” అని చెప్పాడు. మొదట్లో వఠారమంతా పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి అలవాటు పడింది. కొత్తగా దిగినవాళ్ళు ఆమెది ఏ డిపార్టుమెంటని అడిగి, జీతమెంతో కనుక్కోవాలని చూసేవాళ్ళు.

మారతహళ్ళిలో కూతురి ఫ్లాటుకు వచ్చాక కూడా ఆ ఆనవాయితీ చెక్కుచెదరలేదు. తెల్లవారి లేచి అపార్ట్‌మెంటు చుట్టూ నడక, రాగిజావ, స్నానం, పూజ. పదింటికి సంచి భుజాన వేసుకుని “పోయొస్తా.” ఒంటిగంటకు తిరిగి ఇంటికి. రాత్రి తొమ్మిదికల్లా పడక. షుగరు లొంగి ఉన్నా, మోకాళ్ళు మాట వింటున్నా అంతా ఆఫీసు కోసమే. ఒళ్ళు చెడితే రాత చెడుతుందని ఆమె నమ్మకం. తీపి ముట్టకపోవడానికి కూడా డాక్టరు కంటే నవలనే ఎక్కువ కారణంగా చెప్పేది.

కొద్దిరోజుల కిందట, అలాంటి మనిషి ఆఫీసులో ఉండగానే ఇది జరిగింది. గిన్నెలు తోమడానికి వచ్చిన నాగలక్ష్మి బాత్రూం తలుపు తోసి చూసి కెవ్వుమనబోయింది. భుజంగరావు నేలమీది నుంచే నోటిమీద వేలు పెట్టుకున్నాడు. “మెల్లగా లేపు నాగలక్ష్మీ. అమ్మ ఆఫీసులో ఉండాది.” ఆ పిల్ల ఆయన్ను మెల్లగానే లేపింది. మెల్లగానే మంచం చేర్చింది. గీతాంజలికి ఫోన్ కూడా గుసగుసగానే చేసింది.

“అమ్మ ఏదే?” అని గీతాంజలి కేక.

“అమ్మ ఆఫీసుకు పోయిందక్కా.”

గీతాంజలి ఆటో పట్టుకుని, ట్రాఫిక్కును తిట్టుకుంటూ ఇల్లు చేరింది. కింది ఫ్లాటులోని డాక్టరు మార్త వచ్చి, గుండెకేమీ కాలేదనీ, ఖాళీ కడుపున మాత్ర వేసుకుని కళ్ళు తిరిగాయనీ, కాలు బెణికిందనీ తేల్చింది. కట్టు కట్టడమూ అయింది. అప్పుడు నడవా చివర గడియ తీసిన చప్పుడైంది. సుబ్బలక్ష్మమ్మ సంచి భుజాన వేసుకుని, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఏమే గీతా, నువ్వూ ఇంట్లోనే ఉండావు? అందరికీ అన్నం పెట్టేదా?”

ఆ క్షణాన తల్లి ముఖంలో ఉన్న సంతోషాన్ని గీతాంజలి ఇప్పటికీ మరిచిపోలేకుండా ఉంది.

సుబ్బలక్ష్మమ్మ కూడా మరిచిపోలేకుండా ఉంది. అందుకే ఆ పూటనుంచి గది గడప తొక్కలేదు.

గీతాంజలి గడియను షోకేసులో పడేసి, “నాయనా, ఏమన్నా అయితే పిలువు. పక్కన అమ్మ ఉండాది. పిలువు, అంతే” అని చెప్పి క్యాబ్ ఎక్కింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. గోడగడియారం పది కొట్టింది.

భుజంగరావు భార్య వైపు చూశాడు. ఆమె చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకుని ఆయన కాళ్ళదగ్గరే కుర్చీ వేసుకుంది.

“టైమయింది” అన్నాడు.

“దేనికి?”

“తెలీనట్లు అడుగుతావేం?”

“మజ్జిగ తాగుతారా?”

“ఇప్పుడే కదా తాగితి.”

“కాలు పీకుతాందా?”

“లేదు.”

“తల తిరుగుతాందా?”

“నువ్వట్ల రెప్పెయ్యకుండా చూస్తాంటే తిరుగుతాంది.”

సుబ్బలక్ష్మమ్మ చూపు దించుకుని ఈనె తీసింది. రెండు కాయలైనాయో లేదో మళ్ళీ తలెత్తి చూసింది. ఆయన రొమ్ము పైకీ కిందికీ కదులుతోందని రూఢి చేసుకుని మళ్ళీ తల దించుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె తన వైపు ఇంతగా చూసిన జ్ఞాపకం భుజంగరావుకు లేదు. అప్పుడు చూసి ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు మాత్రం ఊపిరాడకుండా ఉంది.

ఫోన్ మోగింది. మంచం పక్కనే ఉన్న రిసీవరును భుజంగరావు అందుకున్నాడు.

“నమస్కారమప్పా… ఆఁ… లేదు, ఆమె ఆఫీసుకు పోయింది. ఒంటిగంటకు వస్తుంది. చెప్తాలే.”

పెట్టేశాడు.

“ఎవరు?”

“హైదరాబాదు నుంచి. మీ ఎడిటరు. ఈ వారం సీరియలు భాగం ఇంకా చేరలేదంట. శుక్రవారానికి అందకుంటే ఆ పేజీలో ఏం వెయ్యాలని అడుగుతాండాడు.”

“ఎదురుగా కూర్చోనుండాను. ఆఫీసుకు పోయిందని ఏంటికి అబద్ధం చెప్పినారు?”

“అది ఎప్పుడూ చెప్పే మాటే. దాన్ని అబద్ధం చేసింది నువ్వు.”

సుబ్బలక్ష్మమ్మ పళ్ళెం కింద పెట్టింది.

“నా రాత మీద మీకు అంత పట్టింపు ఎప్పటినుంచి? పత్రిక వస్తుంది. నేనే తెచ్చి మీ బల్లమీద పెడతా. మీరు రాశిఫలాలు చూస్తారు, సినిమా బొమ్మలు చూస్తారు, మూసి పక్కన పెడతారు. ఇన్నేండ్లలో ఒక్క వారమన్నా నా పేజీ తిప్పినారా?”

ఎప్పటి గాయమో అది. ఎన్నో ఊళ్ళ పాఠకులు ఆమెకు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఒక సభలో ఎవరో శాలువా కప్పి, “మీ మొదటి పాఠకులు మీ వారేనా?” అని మైకులో అడిగితే నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు వెనక ఎంత చిన్నబోయిందో ఇంటికొచ్చి కూడా చెప్పుకోలేదు.

 భుజంగరావు దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. వేసవి పట్టపగలు దుప్పటి లాక్కున్నాడంటే మాట తప్పించుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం డ్యూటీకి పోతూ డాక్టరు మార్త తలుపు తట్టింది. భుజంగరావు బీపీ చూసి, “అంకుల్, మీరు నాకంటే బాగున్నారు” అంది. పట్టీ విప్పుతూ, “ఆంటీ, మీ కళ్ళెందుకో ఉబ్బాయి. రండి, మీది కూడా చూస్తాను” అని సుబ్బలక్ష్మమ్మ చేతికి చుట్టింది.

ఒకసారి చూసి ముఖం చిట్లించింది. ఇంకోసారి చూసింది.

“ఎప్పుడూ ఇంత లేదే మీకు? నిద్రపోతున్నారా? నడకకు వెళ్తున్నారా?”

“ఈయన్ను వదిలి ఎట్ల పోయేది?”

“మాత్ర మానేశారా?”

“మాత్ర మానలేదమ్మా” అన్నాడు భుజంగరావు దుప్పటిలోంచి. “ఆఫీసు మానేసింది.”

మార్త నవ్వబోయి ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది. “అది మళ్ళీ మొదలుపెట్టండి ఆంటీ. నేను సీరియస్‌గానే చెప్తున్నాను. ఇద్దరూ ఒకే మంచం పట్టుకుంటే గీత ఎవరిని చూసుకుంటుంది?”

ఆమె వెళ్ళాక సుబ్బలక్ష్మమ్మ నాగలక్ష్మి మీద విరుచుకుపడింది. గిన్నె అడుగున మసి పోలేదంది. చీపురు తడిగా ఉందంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది తనే, ఎక్కువైందని తిట్టింది మాత్రం ఆ పిల్లను.

నాగలక్ష్మి ఏమీ నొచ్చుకోలేదు. “అమ్మకు బేజారు పట్టిండాది అయ్యా” అని భుజంగరావుకు చెప్పి పోయింది.

సాయంత్రం ఎండ వాలాక భుజంగరావు చేతికర్ర ఊతగా బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాడు. కింద రింగ్ రోడ్డు కిక్కిరిసి ఉంది. సుబ్బలక్ష్మమ్మ కాఫీ తెచ్చి ఇచ్చి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ బళ్ళు చూశారు.

“వెంకటగిరియప్పను ఏం చేస్తివి?” అన్నాడు భుజంగరావు ఉన్నట్టుండి.

ఆమె చటుక్కున ఆయన వైపు తిరిగింది. వెంకటగిరియప్ప వాళ్ళ చుట్టమూ కాదు, పక్కవాడూ కాదు. ఆమె రాస్తున్న నవలలోని ముసలి దర్జీ. పత్రిక పేజీ తిప్పని మనిషికి ఆ పేరు తెలిసే వీలు లేదు.

“ఎడిటరు చెప్పినాడా?” అంది.

“వాడేం చెప్పలేదు. ఏం చేస్తివో చెప్పు ముందు.”

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎవరితోనూ అనలేని మాట అది. కానీ ఎవరితోనైనా అనకపోతే తల పగిలిపోయేలా ఉంది.

“చంపేసినా” అంది.

“ఊఁ.”

“మీరు పడిపోయిన పొద్దే. వాడు మిషను ముందర కూర్చోని ఉంటాడు. పెండ్లాము లోపలినుంచి అన్నానికి పిలుస్తా ఉంటుంది. వాడు లేవడు. అది రాస్తి. ఎన్నేండ్లుగానో రాస్తాండా, అంత బాగా నాకెప్పుడూ రాలేదు. రాస్తాంటే నాకే ఒళ్ళు పులకరించె. ఆఖరి ఒక్క వాక్యం మిగిలుండాది, రేపు రాద్దాములే అని మూసిపెట్టి ఎగురుకుంటా బయటికొస్తి. వస్తే మీరు కట్టుతో మంచం మీద ఉండారు.”

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. 

“నేను రాసినందుకే మీరు పడినారనుకునేంత పిచ్చిదాన్ని కాదు. కానీ మీరు తడి నేలమీద దిక్కులేకుండా కూర్చోనుంటే, గోడకు ఈవల నేను సంతోషంగా ఉంటి. ముసలోని చావు బాగా కుదిరిందని మురిసిపోతాంటి. అదీ నాకు పట్టుకున్నది. ఇంక పెన్ను ముట్టుకుంటే ఆ సంతోషమే గుర్తొస్తుంది. నాతో కాదు.”

భుజంగరావు కాఫీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టాడు.

“నేనూ సంతోషంగానే ఉంటి” అన్నాడు.

“ఏంది?”

“బాత్రూంలో. మొదట కేక వేద్దామనే నోరు తెరిచినా. అప్పుడే నువ్వు చదివితివి, ఆ యప్ప కత్తెర తీసి పక్కన పెట్టినాడని. ఏంటికి పెట్టినాడబ్బా అనిపించింది. ఏమవుతుందో విందామని నోరు మూసుకుంటి.”

సుబ్బలక్ష్మమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదువుకుని, చెవికి సరిపోయాకే తర్వాతి వాక్యానికి పోవడం ఆమె పద్ధతి. అది తన గొంతులోనే ఉండిపోయే గొణుగుడు అనుకుంటోంది ఇన్నాళ్ళూ.

“నేను చదివితే మీకు వినపడుతుందా?”

“వినపడకేం? బళేపేటలో మన నడుమ చెక్కగోడే కదా. అంగడికి రోజూ ఆలస్యంగా ఏంటికి వస్తావని సేఠు తిడుతుండె. ఇక్కడ బాత్రూం వెంటిలేటరు నీ గదిలోకే ఉండాది. దాని పక్కన కుర్చీ వేసుకుంటే ఒక్క మాట పోదు. పత్రిక వచ్చేపాటికి నాకది పాతకథ. మళ్ళీ చదివేదేముండాది? అందుకే రాశిఫలాలు చూసుకుంటా.”

“అంటే మొదటినుంచీ…”

“మొదటినుంచీ. నువ్వు కొట్టేసినవి కూడా విన్నా నేను. కొన్ని కొట్టెయ్యకుండా ఉండాల్సింది.”

ఆయన నవ్వాడు. పొగడ్త దొరుకుతుందని ఎదురుచూసే నవ్వు.

సుబ్బలక్ష్మమ్మ లేచింది. ముఖం ఎర్రబడింది.

“దొంగచాటుగా వింటిరా! ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండాననుకుంటి. ఏడిస్తి, నవ్వితి, మిమ్మల్ని తిట్టుకుంటి కూడా. లోకంలో నాకని ఉండేది ఆ ఒక్క చోటే. అదీ లేకపాయె కదా!”

“సుబ్బలక్ష్మీ…”

“మాట్లాడొద్దు.”

ఆ రాత్రి ఆమె వడ్డించిన అన్నంలో నెయ్యి లేదు. భుజంగరావు అడగలేదు. గీతాంజలి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “ఏమైంది మళ్ళా?” అంది. “ఏం లేదు” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. దాంతో గీతాంజలికి ఇంకా గాభరా ఎక్కువైంది.

పక్కమీద గోడవైపు తిరిగి పడుకుంది సుబ్బలక్ష్మమ్మ. తలుపేసుకుని తల దువ్వుకుంటున్న మనిషిని ఎవరో కిటికీలోంచి చూస్తున్నట్టు ముందు సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం ఎంతసేపు నిలబెట్టుకుందామన్నా నిలవలేదు. సభలో శాలువా కప్పినవాడు అడిగిన ప్రశ్నే పదేపదే చెవిలో మోగింది. మీ మొదటి పాఠకులు మీ వారేనా? అవునప్పా అవును, అక్షరం కాగితం మీద ఆరకముందే విన్నాడు. అది తెలియక ఎంత బాధపడిందో తలచుకుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు ఆమె తెల్లవారకముందే లేచి నడకకు వెళ్ళింది. రాగిజావ తాగింది. స్నానం చేసి, దీపం పెట్టి, బీరువాలోంచి గంజిపెట్టిన చీర తీసింది. భుజంగరావు ఎదురుగా టిఫిన్ పళ్ళెం పెట్టి, ఆయన దోసె రెండు ముక్కలు తినేదాకా నిలబడి, అప్పుడు మాత్ర చేతిలో వేసింది. ఒక్క మాట మాట్లాడలేదు.

చెప్పులు వేసుకుంటున్న గీతాంజలి తల్లి భుజాన సంచి చూసి నిలబడిపోయింది.

“అమ్మా. ఎక్కడికి?”

“ఆఫీసుకు.”

“వద్దమ్మా.” గీతాంజలి ఆ సంచిని పట్టుకుంది. “నాకు భయమమ్మా. ఆ రోజు ఆటోలో వస్తాంటే నాకేం తోచిందో తెలుసా? నేను ఇల్లు చేరేలోపల నాయన లేకుండా పోతే, నీకు ఆ మాట చెప్పేదానికి కూడా నేను ఒంటిగంట దాకా తలుపు బయట నిలబడాలేమో అని.”

కూతురి కోపం వెనక ఇంత ఉందని సుబ్బలక్ష్మమ్మకు ఇప్పటిదాకా తెలియలేదు. గీతాంజలి గడ్డం పట్టుకుంది.

“నాకూ భయంగానే ఉండాది తల్లీ. ఇద్దరం ముసలోళ్ళమైతిమి, భయం లేకుండా ఎట్లుంటుంది? గడియ మళ్ళా పెట్టించొద్దు. తలుపు దగ్గరికి వేసుకుంటా, అంతే. మీ నాయన పిలిస్తే వస్తా.”

“నాయన పిలవడు కదమ్మా! అదే కదా గలాటా!”

“పిలుస్తాలే పోమ్మా” అంది మంచం మీది గొంతు.

“నిజంగా పిలుస్తావా?”

“కథ బాగాలేకుంటే తప్పకుండా పిలుస్తా.”

గీతాంజలికి అర్థం కాలేదు. తల్లి ముఖం చూసింది. తల్లి పెదవి బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. గీతాంజలి చెప్పులు విప్పేసి సోఫాలో కూర్చుంది. లేటుగా వస్తానని సెల్‌ఫోన్లో ఎవరికో చెప్పింది.

“ఈ రోజు నేనుంటా. చూస్తా. ఇంకోసారి అట్లయితే మాత్రం, అమ్మా, ఆ గది ఉండదు. చెప్తాండా.”

“సరే” అంది సుబ్బలక్ష్మమ్మ. కూతురు అన్నంత పనీ చేస్తుందని ఆమెకు తెలుసు. “పోయొస్తా” అని ఇంటికంతటికీ చెప్పి, నడవా దాటి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

బల్లమీద కాగితాలు మూసిపెట్టినట్టే ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని దర్జీ చావు మొదటినుంచి కళ్ళతో చదివింది. బాగుంది. ఇప్పుడు కూడా బాగుంది. అది చూసి ఆమెకు మళ్ళీ సంతోషం కలిగింది. ఈసారి ఆ సంతోషాన్ని ఆమె తోసేయలేదు.

మిగిలిన ఒక్క వాక్యం రాయడానికి పెన్ను తీసింది. అలవాటుగా దానికి ముందు పేరా పైకి చదవబోయి ఆగింది. గొంతు పెగలలేదు. ఎవరూ వినడం లేదనుకున్నన్నాళ్ళూ రాజ్యమేలిన గొంతు ఇప్పుడు కొత్తకోడలిలా ముడుచుకుపోయింది.

వెంటిలేటరు అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. చేతికర్ర నేలకు తగిలింది.

“ఇక్కడేంటికయ్యా, గాలి రాదు” అంటోంది నాగలక్ష్మి.

“ఇక్కడే వెయ్యి. నువ్వు పో.”

కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత అవతల ఏ చప్పుడూ లేదు.

సుబ్బలక్ష్మమ్మ గొంతు సవరించుకుంది. గుసగుసగా మొదలుపెట్టింది. వెంకటగిరియప్ప కత్తెర పక్కన పెట్టాడు. మిషను మీది గుడ్డ మడత పెట్టాడు. లోపల భార్య కంచం పెట్టిన చప్పుడు విన్నాడు. ఒక్కో వాక్యానికీ ఆమె గొంతు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. ఆఖరికి ఇంకా రాయని వాక్యం దగ్గరికి వచ్చింది. ఏం రాయాలో ఆమెకు తెలుసు. రాసింది. రాశాక అది పైకి చదవాలి, చదవకపోతే అది వాక్యం కాదు. చదివితే, గోడ అవతల ఉన్న మనిషి వింటాడు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనకే వినబడనంత మెల్లగా చదివింది.

“ఆమె పిలిచింది. వెంకటగిరియప్ప పలకలేదు.”

అవతల కుర్చీ కదిలింది.

“వినపడలేదే” అన్నాడు భుజంగరావు. “సొల్పం గట్టిగా చదువు.”